అమ్మ నన్ను ఎవరని అడిగిన రాత్రి



నాలుగు నెలలుగా ఇక్కడ ఏమీ రాయలేదు. ఎందుకో మీలో చాలామందికి తెలుసు. సంక్రాంతి వెళ్ళిన వారంలో మా అమ్మ తెల్లవారుజామున పెరట్లో కుళాయి దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. 108లో గుంటూరు తీసుకెళ్ళాం. రెండో రోజు ఆపరేషన్ చేశారు. ఆపరేషన్ బాగా జరిగిందని ఫోన్ చేసి చెబితే ఆ ఆదివారం మీరంతా ఆరాధనలో దేవుణ్ణి స్తుతించారు. ఆ తర్వాత జరిగింది మాత్రం నేను మీకు చెప్పలేదు. అడిగినవాళ్ళతో "అమ్మ కాస్త నీరసంగా ఉంది" అని దాటేశాను. అది అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. పాస్టరుగా నాకు ఇలాంటి మాటలు చాలా వచ్చు.

ఈ రోజు ఉన్నదున్నట్టు రాస్తాను.

ఆపరేషన్ అయిన మొదటి రోజు అమ్మ బాగుంది. కాఫీ అడిగింది. ఆదివారం వాక్యం ఎవరు చెబుతారని అడిగింది. స్త్రీల సమాజం కానుకల డబ్బు బియ్యం డబ్బా వెనక ఉందని, ఎంతుందో రూపాయల లెక్కతో సహా మా ఆవిడకి చెప్పింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుని, పెద్దక్షరాల బైబిలు మూడుసార్లు పూర్తి చేసింది. ఆవిడ బుర్ర గురించి నాకు ఏనాడూ భయం లేదు.

రెండో రోజు రాత్రి పదకొండు దాటాక లేచి కూర్చోబోయింది. "గేదె తాడు తెంపుకుంది, చేలో పడుతుంది, పట్టుకోండి" అంది. మా గేదె చచ్చిపోయి ఇరవై ఏళ్ళయింది. కలవరింతేమో అనుకుని చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకుంది. గోడ మీద చీమలు పాకుతున్నాయని చూపించింది. అక్కడ ఏమీ లేదు. సెలైన్ పైపు పట్టుకుని లాగితే రక్తం వచ్చింది. నేను రెండు చేతులూ పట్టుకుని "అమ్మా, నేనమ్మా" అన్నాను. నా ముఖంలోకి చాలాసేపు చూసి, ఎంతో మర్యాదగా అడిగింది: "ఎవరు బాబూ మీరు? మా అబ్బాయిని పిలవండి. పాస్టరుగారు. మందిరం దగ్గర ఉంటాడు."

నన్ను తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఆ మర్యాదకి నా కాళ్ళల్లో సత్తువ పోయింది.

తెల్లారేసరికి మళ్ళీ మామూలుగా ఉంది. ఇడ్లీ తింది. "రాత్రి నిద్రపోయావా నాన్నా?" అని నన్నే అడిగింది. హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి మళ్ళీ మొదలైంది. మా మేనమామ ఊరి నుంచి ఫోన్ చేశాడు. సంగతి విని గొంతు తగ్గించి, "అల్లుడూ, ఇది మామూలు కాదురా. ఆ మంచం మీద అంతకుముందు ఎవరు పోయారో ఏమో. నువ్వు పాస్టరువి, నేను చెప్పాలా?" అన్నాడు.

చెప్పక్కర్లేదు. ఆ ఆలోచన అప్పటికే నాకూ వచ్చింది. సంచిలో నూనె సీసా ఉంది. దాన్ని తియ్యబోయి ఆగిపోయాను. నా చెయ్యి ఆగింది విశ్వాసం తక్కువై కాదు. మన సంఘంలో ముందు బెంచీ మీద కూర్చునే ఒక పెద్దాయన ముఖం కళ్ళముందు కనబడింది. ఆయన గురించి ముందు చెప్పాలి.

పదేళ్ళ కిందటి మాట. ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయింది. గుండె దడకి రక్తం పలచబడే మాత్ర వాడుతుండేవాడు. ఆపరేషన్‌కి ముందు దాన్ని ఆపమన్నారు. మళ్ళీ ఏ రోజు మొదలుపెట్టాలో చీటీ మీద ఇంగ్లీషులో రాసి ఉంది. ఇంట్లో అది చదివేవాళ్ళు లేరు. నాలుగో రోజుకి ఇంటికొచ్చాడు. ఆ సాయంత్రం ఏడింటికి వాళ్ళావిడ నాకు కబురు చేసింది, "అయ్యగారూ, ఆయన ఏదేదో మాట్లాడుతున్నాడు, ఎవరో పట్టినట్టుంది, ఒక్కసారి రండి" అని. వెళ్ళాను. మాటలు కలగాపులగంగా వస్తున్నాయి. మంచినీళ్ళు ఇస్తే గ్లాసు కుడిచేతిలోంచి జారిపోయింది. నోరు ఒక పక్కకి లాగినట్టుంది. నా కళ్ళతో నేను చూశాను. చూసి కూడా మోకరించి ప్రార్థన మొదలుపెట్టాను. ఆరుగురం పాటలు పాడాం. గద్దించాం. పన్నెండింటికి ఆయన నిద్రపోయాడు. విడుదల కలిగిందని చెప్పి ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

అది నిద్ర కాదు. పొద్దున ఆసుపత్రికి తీసుకెళితే పక్షవాతం అన్నారు. గుండెలో కట్టిన గడ్డ మెదడు నరానికి అడ్డుపడింది. గడ్డను కరిగించే మందు ఇవ్వాలంటే మొదలైన నాలుగున్నర గంటల్లోపు రావాలి, మీరు పదమూడు గంటల తర్వాత వచ్చారు అన్నాడు డాక్టరు. ఆపరేషన్ కొత్తగా అయినవాళ్ళకి రక్తస్రావం భయంతో ఆ మందు ఇవ్వలేకపోవచ్చని, కొందరికి తీగ పంపి గడ్డను బయటికి లాగే పద్ధతి ఉందని, దానికైనా త్వరగా రావాల్సిందేనని చెప్పాడు. ముందే తీసుకెళ్ళి ఉంటే ఆయన మాట, చెయ్యి తిరిగి వచ్చేవో లేదో నేను చెప్పలేను. ఆ అయిదు గంటలు మాత్రం నావి. వాటిని ఇంకెవరి మీదా వేయలేను.

ఆయన ఇప్పుడు ఎడమచేత్తో బల్ల తీసుకుంటాడని మీకు తెలుసు. ఎందుకో మీలో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు.

అందుకని అమ్మ మంచం దగ్గర నూనె సీసా సంచిలోనే ఉంచి డ్యూటీ డాక్టర్ని పిలుచుకొచ్చాను. మా అమ్మాయి వయసుంటుంది. నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. వచ్చీరాగానే అమ్మను నవ్వమంది. రెండు చేతులూ ఎత్తి పట్టుకోమంది. ఒక మాట చెప్పి తిరిగి చెప్పమంది. నవ్వు రెండు పక్కలా సమంగానే వచ్చింది, చేతులు రెండూ నిలబడ్డాయి. తర్వాత "ఆదివారం నుంచి వెనక్కి వారాలు చెప్పండి మామ్మగారూ" అంది. అమ్మ "ఆదివారం, శనివారం" అని ఆగి, "గేదె..." అంది. డాక్టరమ్మ తలూపింది. పక్షవాతంలా లేదు, అయినా అనుమానం ఉంచకుండా స్కాన్ తీద్దాం అంది. తీశారు. కొత్తగా ఏమీ లేదు.

"దీన్ని డెలీరియం అంటాం అంకుల్. పెద్దవాళ్ళకి ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా తుంటి ఎముక విరిగినవాళ్ళకి, తరచూ వస్తుంది. పిచ్చి కాదు. కారణాలు వెతకాలి" అని నన్ను కూర్చోబెట్టి ప్రశ్నలు వేసింది. ఆ ప్రశ్నలు నాకు వాక్యపరీక్షలా అనిపించాయి. ఒక్కదానికీ సరైన జవాబు లేదు.

కళ్ళజోడు ఏది? సంచి అడుగున ఉంది. చెవి మిషన్ ఏది? ఇంట్లో, బీరువాలో. ఖరీదైంది కదా, ఆసుపత్రిలో పోతుందని నేనే దాచాను. కళ్ళు కనపడక, చెవులు వినపడక, తెలియని చోట, రాత్రంతా లైట్లు వెలుగుతుంటే ఆవిడకి నేను ఎలా తెలుస్తాను? మోషన్ ఎప్పుడయింది? అయిదు రోజులైంది. ఒంటికి సరిగా పోతోందా? తెలియదు. పొట్ట కింద నొక్కి చూస్తే మూత్రాశయం నిండి గట్టిగా ఉంది. పైపు వేస్తే లీటరు దాకా వచ్చింది. నొప్పి మందు వేళకి ఇచ్చారా? అమ్మ అడగలేదని మేమూ అడగలేదు. రక్తపరీక్షలో సోడియం తగ్గింది.

ఆఖరి ప్రశ్న: "ఇంటి దగ్గర ఏ మాత్రలు వాడుతున్నారు?" బీపీ మాత్ర అని చెప్పాను. అప్పుడు మా ఆవిడ, "ఏవండీ, ఆ నిద్రమాత్ర..." అంది. ఆరేళ్ళ కిందట నాన్న పోయినప్పుడు మా దగ్గరి ఆర్.ఎం.పి. డాక్టరు ఇచ్చిన ఆల్ప్రజోలం. నిద్ర పట్టడం లేదంటే పది రోజులకని ఇచ్చాడు. అమ్మ మందుల షాపులో కొనుక్కుంటూ ఆరేళ్ళుగా రోజూ వేసుకుంటోందని ఆ రాత్రి తెలిసింది నాకు. ఆసుపత్రిలో చేరిన రోజు నుంచి ఆ మాత్ర ఒక్కసారిగా ఆగిపోయింది. అలా ఆగితే కూడా మనిషి ఇలా అయిపోవచ్చునట. అలాగని మామూలుగా ఈ కలవరానికి ఆ మాత్ర మందు కాదు, పెద్దవాళ్ళకి కొత్తగా ఇస్తే అదే కలవరం తెప్పించవచ్చునట. ఎవరికి ఎలా తగ్గించాలో డాక్టరే చూడాలి, ఇంట్లో మీరు ఆపడాలు ఇవ్వడాలు చేయకండి అని గట్టిగా చెప్పింది.

అవతలి మంచం మీద ఇంకో ముసలామె ఉంది. ఎముక ఆపరేషనే. పగలంతా కళ్ళు మూసుకుని పడుకునేది. పిలిస్తే "ఊ" అని మళ్ళీ కునుకు. "మా అమ్మ అల్లరి పెట్టడం లేదు, మంచిది" అని ఆమె కొడుకు మా వైపు జాలిగా చూసేవాడు. డాక్టరమ్మ ఆమెనీ లేపి వారాలు అడిగింది. ఆమె ఆదివారం కూడా చెప్పలేకపోయింది. ఇది కూడా అదే జబ్బు, గోల చేయకుండా వచ్చే రకం, దీన్నే మేము ఎక్కువగా పోగొట్టుకుంటాం అంది. అమ్మని చూసి సిగ్గుపడ్డ నేను, ఆమె కొడుకు ముఖంలో రంగు మారడం చూసి, మా అమ్మ అల్లరికి మొదటిసారి కృతజ్ఞత చెప్పుకున్నాను.

మా అక్క తెనాలి నుంచి వచ్చింది. చెవి మిషన్ తెప్పించాం. కళ్ళజోడు పెట్టాం. మంచం కిటికీ వైపు మార్చారు. గోడ గడియారం ఒకటి కొనుక్కొచ్చాను. చేతులకి కట్టిన గుడ్డలు విప్పించి, పగలు ఒకళ్ళం, రాత్రి ఒకళ్ళం పక్కన కూర్చున్నాం. ప్రతిసారీ "అమ్మా, నేను నీ కూతుర్ని, ఇది గుంటూరు ఆసుపత్రి, నీకు కాలు ఆపరేషన్ అయింది, ఇవాళ గురువారం" అని అక్క విసుగు లేకుండా చెప్పేది. నాకు అంత ఓపిక లేదు. నేను "నన్ను గుర్తుపట్టావా? నేనెవర్ని చెప్పు?" అని పరీక్షలు పెట్టేవాణ్ణి. అక్క నా చెయ్యి గిల్లి బయటికి పంపించింది. "తమ్ముడూ, ఆవిడ నిన్ను గుర్తుపట్టడం కాదు, నువ్వు ఆవిడకి గుర్తు చెయ్యి" అంది.

నాలుగో రాత్రి మళ్ళీ కాస్త కలవరించింది. ఆరో రోజుకి తేరుకుంది.

మన సంఘంలో నర్సింగ్ చదువుతున్న అమ్మాయి ఉంది కదా, ఆమె తర్వాత నాకు కొన్ని పరిశోధనలు తీసి చదివి వినిపించింది. ఇది కొత్త సంగతి కాదట. 1955లోనే బెడ్‌ఫోర్డ్ అనే డాక్టరు లాన్సెట్ పత్రికలో ఆపరేషన్ల తర్వాత ముసలివాళ్ళ మెదడులో వచ్చే మార్పు గురించి రాశాడు. మా అమ్మ ఆపరేషన్ తర్వాత మునుపటిలా లేదు అని ఇళ్ళల్లో అనే మాటలను కొట్టిపారేయకుండా విన్నాడు. 1998లో అదే పత్రికలో, గుండె కాని పెద్ద ఆపరేషన్లు అయిన అరవై దాటిన 1218 మంది లెక్క వచ్చింది. వారం తర్వాత పరీక్షిస్తే నూటికి దాదాపు 26 మందికి జ్ఞాపకం, ఆలోచన తగ్గాయి. మూడు నెలలకి ఆ లెక్క 10కి దిగింది. ఆపరేషన్ లేకుండా ఇంటి దగ్గరున్న ఆ వయసువాళ్ళలో రెండుసార్లూ మూడు, ఆ చుట్టుపక్కలే ఉంది. అంటే చాలామంది కోలుకుంటారు, కొందరికి మిగిలిపోతుంది.

నన్ను ఎక్కువగా కుదిపింది 2019లో వచ్చిన లెక్క. అరవై అయిదు దాటిన 1114 మందికి, గుండె కాని ఆపరేషన్ల తర్వాత కొన్ని రోజుల్లోనే ఎం.ఆర్.ఐ. తీశారు. పైకి ఏ లక్షణమూ కనపడని చిన్న పక్షవాతం నూటికి ఏడుగురి మెదడులో దొరికింది. నోరు వంకరపోలేదు, చెయ్యి పడిపోలేదు, ఇంట్లోవాళ్ళకీ తెలియదు. ఏడాది తర్వాత చూస్తే అలా వచ్చినవాళ్ళలో నూటికి 42 మందికి, రానివాళ్ళలో 29 మందికి బుద్ధి మందగించింది. నూనె సీసా పట్టుకుని మనిషి ముఖం చూసి ఇది ఫలానా అని తేల్చేసే నాబోటివాడు ఈ లెక్క ముందు ఏం మాట్లాడగలడు?

మా బంధువుల్లో కొందరు "వెన్నులో మత్తు ఇచ్చారు, అందుకే ఇలా అయింది" అన్నారు. పూర్తి మత్తు ఇచ్చి ఉంటే అప్పుడూ అదే మాట అనేవారు. 2021లో తుంటి విరిగిన 1600 మందిలో సగం మందికి వెన్నుమత్తు, సగం మందికి పూర్తి మత్తు ఇచ్చి చూశారు. రెండు గుంపుల్లోనూ నూటికి ఇరవై మందికి ఇంచుమించు సమానంగా ఈ కలవరం వచ్చింది. కాబట్టి దయచేసి ఎవరూ ఈ మాట పట్టుకుని ఆపరేషన్ వాయిదా వేయకండి. తుంటి విరిగి మంచాన పడి ఉండటం అంతకంటే ప్రమాదం.

ఇంకొకటి, ఇది విన్నప్పుడు నేను గట్టిగా నవ్వాను. అమెరికాలో ఇనౌయే అనే డాక్టరమ్మ, ఆమెతో పనిచేసేవాళ్ళు, ఆసుపత్రిలో చేరిన డెబ్బై దాటిన 852 మంది మీద ఒక పని చేసి 1999లో రాశారు. వీళ్ళు ఆపరేషన్‌వాళ్ళు కాదు, జబ్బుతో చేరినవాళ్ళు. వాళ్ళు ఇచ్చింది కొత్త మందు కాదు. కళ్ళజోడు పెట్టించడం, వినపడేలా చూడటం, నీళ్ళు తాగించడం, త్వరగా నడిపించడం, ఇవాళ ఏ రోజో చెబుతూ ఉండటం, రాత్రి నిద్రమాత్రకి బదులు వేడి పాలు ఇచ్చి వీపు రాయడం. కలవరం వచ్చినవాళ్ళు నూటికి 15 నుంచి 10కి తగ్గారు. వేడి పాలు, వీపు రాయడం! మన ఊరి ముసలమ్మలకు తెలియని వైద్యమా ఇది? దీన్ని మనం ఇంట్లో వదిలేసి ఆసుపత్రికి సెల్‌ఫోను ఒక్కటే పట్టుకెళుతున్నాం.

ఆ రాత్రుల్లో నేను ఏలీయా దగ్గర ఆగిపోయాను. అరణ్యంలో బదరీవృక్షం కింద పడుకుని నా ప్రాణం తీసెయ్యమన్నాడు కదా. ఎన్నోసార్లు ఆ భాగం మీద ప్రసంగించాను, నేరుగా మెల్లని స్వరం దగ్గరికి వెళ్ళిపోయేవాణ్ణి. కొండ దగ్గర ఆ స్వరం వినపడక ముందు దూత ఏం చేశాడో దాటేసేవాణ్ణి. దూత ఏలీయాకి బోధ చేయలేదు, గద్దించలేదు. తట్టి లేపాడు, రొట్టె పెట్టాడు, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు. మళ్ళీ లేపి మళ్ళీ పెట్టాడు. మా అక్క చేసిందీ అంతే.

ప్రార్థన చేయవద్దని నేను అనడం లేదు. నేను అమ్మ కోసం చేసినంత ప్రార్థన నా జీవితంలో చేయలేదు. ఇకమీదట మన సంఘంలో పెద్దవాళ్ళకి ఆపరేషన్ అయితే వరస మాత్రం మారుస్తాను. నోరు వంకర, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం, ఉన్నట్టుండి చూపు పోవడం, తూలిపోవడం, వీటిలో ఏది కనపడినా ముందు 108కి ఫోన్ చేసి, ఎన్ని గంటలకి మొదలైందో కాగితం మీద రాసి, తర్వాత నాకు చేయండి. నేను దారిలో ప్రార్థన చేస్తాను. పక్షవాతమా, కలవరమా, చక్కెర పడిపోయిందా అన్నది ఇంట్లో తేల్చే పని కాదు. ఆపరేషన్‌కి వెళ్ళేటప్పుడు వాడే మాత్రలన్నీ, నిద్రమాత్ర, ఆకుమందు, సారా అలవాటుతో సహా, సిగ్గుపడకుండా చెప్పండి. రక్తం పలచబడే మాత్ర ఆపమంటే, మళ్ళీ ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో రాయించుకోండి. ఇంతకుముందు పక్షవాతం వచ్చినవాళ్ళు తొందరలేని ఆపరేషన్ ఎన్ని నెలలు ఆగి చేయించుకోవాలో తప్పకుండా అడగండి. పరామర్శకి పన్నెండుమంది ఒకేసారి వెళ్ళి మంచం చుట్టూ నిలబడి పాటలు ఎత్తుకోకండి. ఇద్దరు వెళ్ళండి, పేరు చెప్పి కూర్చోండి. రాత్రి కూర్చునేవాళ్ళు కావాలి. పగలు పళ్ళు తెచ్చేవాళ్ళు చాలామంది ఉంటారు.

అమ్మ ఇప్పుడు వాకర్ పట్టుకుని మందిరానికి వస్తోంది, మీరు చూస్తున్నారు. గేదె గురించి, చీమల గురించి ఆవిడకి కొంత గుర్తుంది. "నిన్ను ఎవరని అడిగానంటగా" అని ఒకరోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పూర్తిగా మునుపటిలా అయితే లేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది. పోయిన నెల స్త్రీల సమాజం లెక్క మూడుసార్లు కూడితే మూడు మొత్తాలు వచ్చాయి. ఆ పుస్తకం, డబ్బా తనే తెచ్చి మా ఆవిడ ఒడిలో పెట్టి, "నువ్వు చూసుకో అమ్మాయ్, నా లెక్క తప్పుతోంది" అంది. ముప్పై ఏళ్ళు చూసిన లెక్క. నేను పక్క గదిలో ఉండి విన్నాను గానీ బయటికి రాలేదు. ఇంకా తేరుకోవచ్చని డాక్టరు అంటున్నారు, ఏడాది దాకా చూడాలట. చూస్తాం.

మొన్న మంగళవారం ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళాను. పదేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళానో, ఈ మాట ఒక్కసారీ చెప్పలేదు. వాళ్ళావిడ ముందే చెప్పాను. ఆ రాత్రి మీ నోరు వంకరపోవడం నేను చూశాను, చూసి కూడా ఆసుపత్రికి తీసుకెళ్ళమనలేదు, నన్ను క్షమించండి అన్నాను. ఆవిడ తల వంచుకుంది. ఆయనకి పాట వస్తుంది గానీ మాట రాదు, మీకు తెలుసు. ఆయనకి మిగిలిన మాట ఒక్కటే, "అంతే".

చాలాసేపు నా వైపు చూశాడు. "అంతే, అంతే" అన్నాడు. దానర్థం క్షమించాననా, జరిగిందేదో జరిగిందనా, నాకు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. తర్వాత ఎడమచేత్తో పళ్ళెం నా వైపు జరిపాడు. ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. ఆయనకి ఒలుచుకోవడం కుదరదు కదా. ఇద్దరికీ నేనే ఒలుస్తూ కూర్చున్నాను.